తాతగారి ట్రంకుపెట్టెలోని కాగితాలను మ్యూజియానికి ఇచ్చే ముందు

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా ఒకసారి చెప్తాను. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లివచ్చి, ఆ తర్వాత బడిపంతులుగా జీవించిన మీ తాతగారి ఉత్తరాలు, డైరీలు, లెక్కల పుస్తకాలు, ఫొటోలు రెండు ట్రంకుపెట్టెల్లో ఉన్నాయి. పెద్ద నాయకులు రాసిన ఉత్తరాలను మాత్రం ఏరి పటాలు కట్టించి, మిగిలినవాటిని వదిలించుకుందామని మీ పెదనాన్నగారు అంటున్నారు. అమెరికాలో ఉన్న మీ అన్నయ్య వాటన్నిటినీ అక్కడి విశ్వవిద్యాలయానికి పంపుదామంటున్నారు. మీకు మాత్రం ఇక్కడే ఏదైనా మ్యూజియానికి ఇవ్వాలని ఉంది, కానీ ఇచ్చిన తర్వాత వాటి గతి ఏమవుతుందో తెలియక వెనకాడుతున్నారు. చివర్లో మీ బామ్మగారి ఉత్తరాలను కూడా ఇవ్వవచ్చా అని అడిగారు.

వ్యక్తిగత పత్రాలను సేకరించి భద్రపరిచే విభాగంలో చాలా ఏళ్లు పనిచేసినవాడిగా నా అభిప్రాయం చెప్తున్నాను. ఈ ముగ్గురిలో మీ ఆలోచనే సరైనది. అయితే ఆ పని చేయడానికి ముందు రెండు విషయాల్లో గట్టిగా నిలబడండి. పెట్టెలో కాగితాలు ఏ వరుసలో, ఏ కట్టల్లో ఉన్నాయో ఆ వరుస చెదరకూడదు. ఏ షరతుల మీద ఇస్తున్నారో రాతపూర్వకంగా తేలకుండా పెట్టె మీ గడప దాటకూడదు. నేను చెప్పబోయే మిగతా సంగతులన్నీ ఈ రెండింటి చుట్టూనే ఉంటాయి.

మ్యూజియం అనగానే మనవాళ్లకు విగ్రహాలు, కత్తులు, గడియారాలు గుర్తుకొస్తాయి. కానీ చాలా మ్యూజియాలలో సందర్శకులు ఎన్నడూ చూడని గదుల్లో, అట్టపెట్టెల వరుసల్లో వేలాది మంది జీవితాలు కాగితాల రూపంలో ఉంటాయి. మన దేశంలో దీనికి అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ ఢిల్లీలోని తీన్‌మూర్తి భవనం. నెహ్రూ మరణానంతరం ఆయన నివసించిన ఆ భవనాన్ని మ్యూజియంగా మార్చి 1964 నవంబరు 14న రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. నెహ్రూ స్మారక మ్యూజియం, గ్రంథాలయంగా దశాబ్దాల పాటు పేరుపొందిన ఆ సంస్థకు 2023లో ప్రధానమంత్రుల మ్యూజియం, గ్రంథాలయం అని పేరు మార్చారు. భవనం చూడడానికి వచ్చేవారిలో చాలామందికి తెలియని విషయం ఏమిటంటే, అక్కడి వ్రాతప్రతుల విభాగంలో నాయకులు, రచయితలు, అధికారులు, ఉద్యమకారులు, సంస్థలు అప్పగించిన పత్రాల సంచయాలు వందల సంఖ్యలో ఉన్నాయి. ఆధునిక భారత చరిత్ర మీద గట్టి పుస్తకం ఏది తీసుకున్నా అడుగున సూచికల్లో ఆ సంచయాల పేర్లు కనిపిస్తాయి.

వాటిలో మన హైదరాబాదుకు చెందినది ఒకటి ఉంది. సరోజినీ నాయుడు కుమార్తె, పశ్చిమ బెంగాల్ గవర్నరుగా పనిచేసిన పద్మజా నాయుడు పత్రాలు అక్కడే ఉన్నాయి. తల్లి ప్రయాణాల్లో ఉండి పిల్లలకు రాసిన ఉత్తరాలు అలా నిలిచాయి. సభల్లో మాట్లాడిన సరోజినీ దేవి పత్రికల్లో దొరుకుతారు. ఆరోగ్యం బాగాలేని కూతురి గురించి దిగులుపడే తల్లిగా, ఆనాటి నాయకుల స్వభావాలను చనువుగా వర్ణించే స్నేహితురాలిగా ఆమె ఆ ఉత్తరాల్లోనే దొరుకుతారు. అవి పిల్లలు పారేయకుండా దాచుకున్న ఇంటి కాగితాలు. దాచినప్పుడు వాటిని చరిత్ర అని ఎవరూ అనుకొని ఉండరు.

ఇక వరుస సంగతి. కాగితాలు ఎవరి దగ్గర పోగయ్యాయో వారి పేరుతోనే కలిపి ఉంచాలి, ఇతరుల కాగితాలతో కలగాపులగం చేయకూడదు అన్న సూత్రాన్ని ఫ్రాన్సు ప్రభుత్వం 1841లోనే ఆదేశంగా జారీచేసింది. ఆ సంచయం లోపల కూడా యజమాని పెట్టుకున్న క్రమాన్నే గౌరవించాలన్న సూత్రాన్ని ముగ్గురు డచ్చి పత్రపాలకులు (ఆర్కైవిస్టులు) 1898లో ప్రచురించిన తమ నియమావళిలో స్థిరపరిచారు. నేటికీ ప్రపంచంలో ఈ వృత్తి నిలబడి ఉన్నది ఈ రెండు సూత్రాల మీదే. విడి ఉత్తరం ఒకటి చేతికిస్తే దానిలో ఏముందో మాత్రమే చెప్పగలం. అదే ఉత్తరం దాని కట్టలో ఉంటే, అది ఎందుకు వచ్చింది, దానికి జవాబు వెళ్లిందా, ఆ తర్వాత ఏం జరిగింది అన్నవి కూడా చెప్పగలం.

ఈ సూత్రాన్ని పాటించకపోతే ఎంత నష్టం జరుగుతుందో మన తెలుగునేల మీదే పెద్ద ఉదాహరణ ఉంది కనుక దాని గురించి కొంచెం విస్తరంగా చెప్తాను. 1783లో మద్రాసుకు వచ్చి, 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ తన సొంత ఆసక్తితో, చాలావరకు సొంత ఖర్చుతో దక్షిణాది చరిత్రకు సంబంధించిన సమస్తాన్నీ సేకరించాడు. ఆ పనిని నిజంగా నడిపించినవారు ఏలూరుకు చెందిన కావలి సోదరులు. వెంకట బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే మరణించగా, లక్ష్మయ్య ఆ బాధ్యతను తలకెత్తుకున్నాడు. వారి కింద పనిచేసిన సహాయకులు ఊరూరా తిరిగి, కరణాల దగ్గర దండకవిలెలు (పాత ఊరి లెక్కల, చరిత్రల పుస్తకాలు) చూసి, పెద్దలను అడిగి రాయించినవే మనం ఈనాడు కైఫియత్తులు అని పిలుచుకొనే గ్రామచరిత్రలు. 1821లో మెకంజీ మరణించాక ఈస్టిండియా కంపెనీ ఆయన భార్య నుంచి ఆ సేకరణను లక్ష రూపాయలకు కొన్నది. 1828లో సంస్కృత పండితుడు హెచ్.హెచ్. విల్సన్ ప్రచురించిన జాబితా ప్రకారం అందులో 8,076 శాసన పాఠాలు, 2,630 చిత్రాలు, 6,218 నాణేలు ఉన్నాయి.

కొన్న తర్వాత కంపెనీ చేసిన పని ఏమిటంటే ఆ సేకరణను భాషను బట్టి, వస్తువును బట్టి విడగొట్టడం. ఇంగ్లీషు కాగితాలు, అనువాదాలు, చిత్రాలు, నాణేలు చాలావరకు లండన్‌కు వెళ్లాయి. తెలుగు, తమిళ, కన్నడ కైఫియత్తులు మద్రాసు చేరాయి. దాని ఫలితాన్ని పరిశోధకులు రెండు శతాబ్దాలుగా అనుభవిస్తున్నారు. ఫలానా ఊరి కైఫియత్తు చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో దొరుకుతుంది. దాన్ని రాసుకొచ్చిన సహాయకుడు ఆ నెలలో ఎక్కడెక్కడ తిరిగాడు, ఎవరు చెప్పారు, ఎవరు చెప్పడానికి ఒప్పుకోలేదు అని మెకంజీకి పంపిన నివేదికలను చూడాలంటే లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీకి వెళ్లాలి. ఈ రెండూ ఒకే చోట, ఒకే కట్టలో ఉండి ఉంటే ఏ కైఫియత్తును ఎంతవరకు నమ్మవచ్చు అన్న ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరికేది. ఆ సేకరణ లోపలి సంబంధాలన్నీ తెలిసిన ఏకైక వ్యక్తి లక్ష్మయ్య ఆ పనిని కొనసాగిస్తానని అర్జీ పెట్టుకుంటే, 1830ల్లో కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ పెద్దలు ఆయనకు ఆ అర్హత లేదని తోసిపుచ్చారు. ఒక సేకరణ విషయంలో ఇంతకన్నా పెద్ద అన్యాయం జరిగిందని నేను అనుకోను. మద్రాసు చేరిన భాగంలో శిథిలమవుతున్న కైఫియత్తులను తర్వాత సి.పి. బ్రౌన్ పూనుకొని మళ్లీ నకలు రాయించడం వల్ల మనకు చాలా మిగిలాయి.

వస్తువులకూ కాగితాలకూ ఉన్న బంధం కూడా ఇదే కథలో కనిపిస్తుంది. మెకంజీ బృందం 1816 నుంచి అమరావతి స్తూపం దగ్గర శిల్పాలను, వాటి స్థానాలను చిత్రాలుగా గీసింది. ఆ తర్వాతి కాలంలో ఆ శిల్పాల్లో కొన్ని చెన్నై మ్యూజియంలో, కొన్ని లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో చేరాయి, కొన్ని పూర్తిగా కనిపించకుండా పోయాయి. పోయిన శిల్పాలకు ఈనాడు ఆధారం ఆ చిత్రాలే. మిగిలిన శిల్పాల్లో ఏది స్తూపంలో ఎక్కడ ఉండేదో ఊహించడానికి కూడా అవే దిక్కు. అందుకే మీ ఇంట్లో తాతగారి చరఖా, జైలు పళ్లెం, కళ్లద్దాలు వంటివి ఉంటే, వాటినీ కాగితాలనూ వేర్వేరు చోట్లకు పంపకండి. రెండింటినీ కలిపి తీసుకోగల మ్యూజియం దొరికితే అంతకన్నా కావలసింది లేదు.

ఇప్పుడు మీ పెదనాన్నగారి ప్రతిపాదన దగ్గరకు వస్తాను. ఆయనది ప్రేమతో వచ్చిన ఆలోచనే, కాదనను. కానీ పెద్ద నాయకుల ఉత్తరాలకు ఇంకా చాలాచోట్ల ప్రతులో, ప్రస్తావనలో దొరుకుతాయి. ఒక బడిపంతులు సత్యాగ్రహిగా మారిన కథకు మీ పెట్టె తప్ప మరో ఆధారం లేదు. ఆయన చందా ఎంత ఇచ్చారు, జైలులో ఉన్నప్పుడు ఇల్లు ఎలా గడిచింది, అప్పు ఎవరిచ్చారు, ఖద్దరు ఎక్కడ కొన్నారు, విడుదలయ్యాక ఉద్యోగం ఇవ్వడానికి ఏ బడి యాజమాన్యం వెనకాడింది, ఇవి లెక్కల పుస్తకంలోనూ రసీదుల్లోనూ ఉంటాయి. నాయకుడి ఉత్తరాన్ని పటం కట్టి గోడకు తగిలిస్తే వెలుతురుకు సిరా వెలిసిపోతుంది, వెనకవైపు రాసినది అట్టకు అంటుకుపోతుంది. గోడకు కావాలంటే మంచి రంగు నకలు తీయించి దానికే పటం కట్టించమనండి. చూసేవారికి తేడా తెలియదు, అసలు భద్రంగా ఉంటుంది.

ఒక కట్ట నుంచి ఎంత తెలుసుకోవచ్చో చెప్పడానికి, ఇలాంటి పెట్టెల్లో తరచుగా కనిపించే ఒక పోస్టుకార్డును తీసుకుందాం. పైన "ప్రమోదూత శ్రావణ శు. పంచమి" అని ఉంటుంది, ఇంగ్లీషు సంవత్సరం ఉండదు. ప్రమోదూత అరవై ఏళ్లకోసారి వస్తుంది గనుక అది 1870-71 కావచ్చు, 1930-31 కావచ్చు, 1990-91 కావచ్చు. తపాలా బిళ్ల మీద అయిదో జార్జి ముఖం ఉంటే సందేహం తీరిపోతుంది. అది ఉప్పు చట్టాన్ని ఉల్లంఘించడానికి కొద్ది రోజుల ముందు ఉగాదితో మొదలైన సంవత్సరం. కార్డు మీద జైలు అధికారి ముద్ర, పొట్టి సంతకం ఉంటే దాన్ని లోపలివారు చదివాకే బయటికి పంపారని అర్థం. అప్పుడు ఆ కార్డులో "ఇక్కడ అంతా క్షేమం" అన్న మాటను ఉన్నదున్నట్టు తీసుకోకూడదని కూడా తెలుస్తుంది. మూల మీద పెన్సిలుతో "జవాబు ఇచ్చితిని" అని ఒక తేదీ ఉంటుంది. గుండుసూదితో ఒక మనియార్డరు రసీదు గుచ్చి ఉంటుంది. డబ్బు ఎవరికి వెళ్లింది, ఎంత వెళ్లింది అన్నది ఆ రసీదు చెప్తుంది. ఆ సూది ఊడదీసి, కార్డును ఉత్తరాల కట్టలోను, రసీదును రసీదుల కట్టలోను పెట్టిన మరుక్షణం ఆ రెండింటి మధ్య ఉన్న సంబంధం శాశ్వతంగా పోతుంది. సర్దడం పేరుతో జరిగే నష్టం ఇదే. చెదలు తిన్న కాగితం తిన్నంత వరకే పోతుంది, సదుద్దేశంతో సర్దిన పెట్టెలో మాత్రం అన్ని కాగితాలూ ఉండి కూడా కథ పోతుంది.

కాబట్టి ఇంట్లో మీరు చేయవలసిన పని చాలా తక్కువ. పెట్టె మూత తీసి, ఏదీ కదపకముందే పైనుంచి ఫొటో తీయండి. ఒక్కొక్క కట్ట తీసేటప్పుడు మళ్లీ ఫొటో తీసి, దానిలోకి ఒక చీటీ జారవిడిచి, పెన్సిలుతో వరుస సంఖ్య వేయండి. ఆ సంఖ్యలు చీటీ మీదే ఉండాలి, అసలు కాగితాల మీద పెన్సిలు కూడా పెట్టవద్దు. తుప్పు పట్టిన సూదులను, క్లిప్పులను మీరు పీకవద్దు, ఆ పని సంరక్షకులు జాగ్రత్తగా చేసి, ఏ కాగితానికి ఏది గుచ్చి ఉందో రాసిపెడతారు. చిరిగినచోట సెల్లోటేపు అంటించడం, షాపుకు తీసుకెళ్లి ప్లాస్టిక్ లామినేషన్ చేయించడం అన్న రెండు పనులు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి. టేపు జిగురు కొన్నేళ్లకు గోధుమరంగు మరకై కాగితంలోకి ఇంకిపోతుంది. వేడితో అతికించిన ప్లాస్టిక్‌ను కాగితానికి హాని లేకుండా విడదీసే మార్గం దాదాపు లేదు.

దుమ్ముగా ఉందని తడిగుడ్డతో తుడవకండి. ఆ కాలంలో నకళ్లకు వాడిన రంగు పెన్సిలు రాతకు నీటిచుక్క తగిలితే ఊదారంగుగా పాకిపోయి అక్షరం చెరిగిపోతుంది. పాత దస్తావేజులు ఉంటే వాటిలో అన్నభేది, కరక్కాయ కలిపి కాచిన సిరా ఉండవచ్చు. ఆ సిరా ఆమ్లగుణం వల్ల అక్షరం ఉన్నచోటే కాగితాన్ని కొరుక్కుతింటుంది, అలాంటి పత్రాన్ని మడత మీద మడత విప్పితే గీత వెంట పగిలిపోతుంది. దాన్ని విప్పకుండా అలాగే ఇవ్వండి. కలరా ఉండలు కాగితాల మధ్య వేయవద్దు. పెట్టెను నేలమీద కాకుండా బల్లమీద, బయటి గోడకు దూరంగా, తేమ తగలని గదిలో ఉంచితే మ్యూజియంవాళ్లు వచ్చేవరకు అది చాలు. తాటాకు ప్రతులు ఏవైనా బయటపడితే వాటిని విడిగా గుడ్డలో చుట్టి ఉంచండి, వాటి సంరక్షణ పద్ధతి పూర్తిగా వేరు.

మ్యూజియానికి చేరాక ఏం జరుగుతుందని అడిగారు కనుక క్లుప్తంగా చెప్తాను. వచ్చిన రోజే సంచయం మొత్తానికి దాఖలా రిజిస్టరులో ఒక సంఖ్య పడుతుంది. పురుగు ఉందేమోనని కొంతకాలం విడిగదిలో ఉంచి, అవసరమైతే మందు పొగ పెడతారు లేదా గడ్డకట్టించే పద్ధతిలో పురుగును చంపుతారు. తర్వాత దుమ్ము దులిపి, చిరుగులకు జపాను పలుచకాగితాన్ని పిండిజిగురుతో అతికి, ఆమ్లం లేని కవర్లలోకి, అట్టపెట్టెల్లోకి మారుస్తారు. ఆ పిండిజిగురు ఎందుకంటే, రేపు అవసరమైతే నీటితో విడిపోతుంది. ఒకప్పుడు మన దేశంలో పెళుసుబారిన కాగితాలకు రెండువైపులా అసిటేట్ అనే పారదర్శక ప్లాస్టిక్ పొర అతికించే పద్ధతి విరివిగా నడిచింది, ఇప్పుడు విడదీయలేని చికిత్స ఏదీ వద్దన్నదే నియమం. అన్నిటికన్నా ఎక్కువ కాలం పట్టేది వివరణ జాబితా తయారీ. సంచయం మొత్తానికి ఒక పరిచయం, దానిలోని విభాగాలు, ఫైళ్లు, అవసరమైనచోట విడి పత్రాలు అన్న అంచెలలో అది ఉంటుంది. ఈ జాబితా లేకపోతే కాగితాలు చెక్కుచెదరకుండా ఉండి కూడా ఎవరికీ దొరకవు. కనుక మీరు ఏ సంస్థను ఎంచుకున్నా అడగవలసిన మొదటి ప్రశ్న "మీ దగ్గర ఇప్పటికే ఉన్న సంచయాల జాబితాలు చూపిస్తారా?" అన్నది. చూపించలేని సంస్థ మీ పెట్టెలకు కూడా జాబితా తయారుచేయదు.

ఇప్పుడు షరతుల సంగతి. నా ఉద్దేశంలో కుటుంబాలు అన్నిటికన్నా ఎక్కువ ఉపేక్ష చేసేది ఇక్కడే. ఒక సభ పెట్టి, శాలువా కప్పి, పెట్టెలు తీసుకొని, ఒక రసీదైనా ఇవ్వకుండా వెళ్లిపోయిన సంస్థ సంగతి నాకు తెలుసు. పదేళ్ల తర్వాత ఆ కుటుంబం వెళ్లి అడిగితే అలాంటివి తమ దగ్గర ఉన్నట్టు అక్కడ ఎవరికీ తెలియదు. రాత లేకపోతే మీకూ ఆ గతే పట్టవచ్చు.

ఇవ్వడంలో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. దానంగా ఇస్తే యాజమాన్యం పూర్తిగా సంస్థకు పోతుంది, మీరు వెనక్కి అడగలేరు. భద్రపరచడం కోసం అప్పగిస్తే యాజమాన్యం మీదే, సంస్థది సంరక్షణ బాధ్యత మాత్రమే. రెండోది వినడానికి బాగుంటుంది కానీ తర్వాతి తరాల్లో చిక్కులు తెచ్చేది అదే. తీన్‌మూర్తిలోని నెహ్రూ పత్రాలే దీనికి నిదర్శనం. వాటిలో 1947 తర్వాతి వాటిని చూడాలంటే చాలాకాలం కుటుంబం అనుమతి తెచ్చుకోవలసివచ్చేది. 2008లో 51 పెట్టెల పత్రాలు కుటుంబానికి తిరిగి వెళ్లాయి, అవి ఎవరివి, మళ్లీ సంస్థకు రావాలా అన్న వివాదం ఇటీవలి ఏళ్లలో పార్లమెంటు దాకా వెళ్లింది. ఎవరి వాదన సరైనదన్న చర్చ నేను చేయను. దేశంలోకెల్లా పేరున్న కుటుంబం, పేరున్న సంస్థ మధ్యనే ఇలా జరిగినప్పుడు, ఇచ్చేనాడే యాజమాన్యం ఎవరిదో స్పష్టంగా రాసుకోవడం ఎంత అవసరమో దీన్నిబట్టి గ్రహించవచ్చు. మీ విషయంలో నా సలహా దానంగానే ఇవ్వమని. దానపత్రంలో మూడు నాలుగు మాటలు తప్పక ఉండాలి. సంచయాన్ని విడగొట్టకూడదు, మీ తాతగారి పేరుతోనే ఉంచాలి, అమ్మకూడదు, ఏదైనా కాగితం సంస్థకు అక్కరలేదనుకుంటే పారేయకుండా ముందు మీకు తెలపాలి. దానితోపాటు మొత్తం సంచయానికి ఒక డిజిటల్ ప్రతి మీకివ్వాలని కూడా అడగండి, చాలా సంస్థలు ఒప్పుకుంటాయి.

కొన్ని ఉత్తరాల్లో బతికున్నవారి అనారోగ్యం, కుటుంబ తగాదాలు, అప్పులు వంటివి ఉండవచ్చు. వాటిని చించేయడమో, దాచేయడమో అక్కరలేదు. ఫలానా ఫైలును ఇన్నేళ్లపాటు ఎవరికీ చూపించవద్దని రాయించవచ్చు. ఆ గడువు ఒక నిర్దిష్ట సంవత్సరంతో ముగియాలి. "కుటుంబం అనుమతిస్తేనే" అని రాస్తే, మూడో తరంలో ఆ అనుమతి ఎవరివ్వాలో తేలక ఆ ఫైలు శాశ్వతంగా మూతపడుతుంది.

హక్కుల విషయంలో ఒక మాట. మీ తాతగారికి వచ్చిన ఉత్తరం అనే కాగితం మీది, దానిలోని రచన మీద కాపీరైటు దాన్ని రాసినవారిది, వారి తదనంతరం వారి వారసులది. మీరు కాగితాన్ని దానం చేయగలరు, ఇతరుల కాపీరైటును దానం చేయలేరు. తాతగారు స్వయంగా రాసిన డైరీల మీద హక్కు మాత్రం మీ కుటుంబానిది, దాన్ని సంస్థకు ఇస్తారా, ఉంచుకుంటారా అన్నది పత్రంలో రాయండి. మన 1957 కాపీరైటు చట్టంలో పరిశోధకులకు అనుకూలమైన మినహాయింపు ఒకటి ఉంది. ప్రజలకు ప్రవేశం ఉన్న గ్రంథాలయంలోనో మ్యూజియంలోనో ఉన్న అచ్చుకాని రచనను, రాసినవారు మరణించి 60 ఏళ్లు దాటితే, పరిశోధన కోసం గాని ప్రచురణ ఉద్దేశంతో గాని నకలు తీసుకోవచ్చు. టంగుటూరి ప్రకాశం పంతులుగారు 1957లో మరణించారు కనుక ఆయన ఉత్తరం మీ పెట్టెలో ఉంటే ఆ గడువు ఎప్పుడో దాటింది. అయితే ఈ వెసులుబాటు ప్రజలకు ప్రవేశం ఉన్న సంస్థలో ఉన్న ప్రతికే వర్తిస్తుంది, మీ ఇంటి అటక మీద ఉన్నదానికి వర్తించదు. మ్యూజియానికి ఇవ్వడంలో ఇది కూడా ఒక ప్రయోజనం.

మీ అన్నయ్యగారి ప్రతిపాదనకు చట్టం అడ్డువస్తుంది. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం చారిత్రక, సాహిత్య, శాస్త్రీయ విలువ ఉండి 75 ఏళ్లు దాటిన వ్రాతప్రతులు, పత్రాలు పురావస్తువుల కిందికే వస్తాయి, ప్రభుత్వ అనుమతి లేకుండా వాటిని దేశం దాటించకూడదు. 1930 నాటి జైలు ఉత్తరాలను సూట్‌కేసులో పెట్టుకొని విమానం ఎక్కడం నేరం కావచ్చు. అక్కడి విశ్వవిద్యాలయాల సౌకర్యాలు మంచివే, ఆయన ఉద్దేశమూ మంచిదే. కానీ అసలు ప్రతులు ఇక్కడే ఉండి, డిజిటల్ ప్రతులు అక్కడివారికి అందడం అన్నివిధాలా మేలు. బ్రిటిష్ లైబ్రరీ 2004 నుంచి నడుపుతున్న ప్రమాదంలో ఉన్న పత్రాల కార్యక్రమం కూడా అసలు ప్రతులు పుట్టిన దేశం దాటకూడదన్న నియమం మీదే సాయం చేస్తుంది. మీ అన్నయ్యగారు డిజిటల్ ప్రతుల ఖర్చు భరించగలిగితే అది పెట్టెలను తరలించడం కన్నా ఎంతో గొప్ప సేవ.

అమ్మితే ఎంత వస్తుందన్న ప్రశ్న ఇంట్లో ఎవరో ఒకరు ఎత్తుతారు కనుక అదీ చెప్పుకుందాం. దక్షిణాఫ్రికాలో గాంధీకి సన్నిహితుడైన హెర్మన్ కాలెన్‌బాక్ కుటుంబం దాచిన ఉత్తరాలు, ఫొటోలు 2012లో లండన్‌లో వేలానికి రాబోతే, భారత ప్రభుత్వం వేలానికి ముందే మాట్లాడుకొని మొత్తాన్ని కొని ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలో (నేషనల్ ఆర్కైవ్స్) ఉంచింది. మొత్తాన్ని ఒక్కటిగా కొన్నారు కాబట్టి అది నిలిచింది. మామూలు కుటుంబాల పత్రాలు అలా అమ్ముడుపోవు. పాతవస్తువుల వ్యాపారి నాయకుడి సంతకం ఉన్న నాలుగు కాగితాలు ఏరుకొని మిగిలినవి వదిలేస్తాడు, అంటే మీ పెదనాన్నగారి ప్రతిపాదనకే ధర కట్టినట్టు అవుతుంది.

ఏ సంస్థకు ఇవ్వాలన్నది మీ పెట్టెలోని విషయాన్ని బట్టి నిర్ణయించుకోండి. జాతీయోద్యమానికి సంబంధించిన కాగితాలు ప్రధానంగా ఉంటే తీన్‌మూర్తికి గాని, జాతీయ అభిలేఖాగారానికి గాని రాయవచ్చు. జాతీయ అభిలేఖాగారం ప్రైవేటు వ్యక్తుల నుంచి పత్రాలను దానంగాను, కొనుగోలుగాను స్వీకరించడానికి 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టంలోనే వీలుంది. స్థానిక జీవితం ఎక్కువగా ఉంటే మీ ప్రాంతానికి దగ్గరగా ఉన్న రాష్ట్ర అభిలేఖాగారం, విశ్వవిద్యాలయ గ్రంథాలయం, లేదా 1918లో మొదలై నేటికీ పాత తెలుగు పత్రికలను కాపాడుతున్న వేటపాలెం సారస్వత నికేతనం వంటి చోట్లు ఆలోచించదగినవి. నా మొగ్గు, సంరక్షణ సమానంగా ఉన్నప్పుడు, తెలుగు చదవగలిగే సిబ్బంది ఉన్న చోటు వైపే. ఇంటి తెలుగులో, గొలుసుకట్టు రాతలో ఉన్న ఉత్తరాన్ని చదవలేని చోట దానికి దక్కే వివరణ "తెలుగు ఉత్తరం, ఒకటి" అన్న ముక్క మాత్రమే. ఏ సంస్థను అనుకున్నా ముందు పాఠకుడిలా ఒకసారి వెళ్లి, ఏదైనా ఒక పాత ఫైలు చూపించమని చీటీ రాసివ్వండి. అది ఎంతసేపటికి వస్తుంది, ఏ స్థితిలో వస్తుంది, పాఠకుల చేతిలో పెన్నులు ఉంటున్నాయా, పెన్సిళ్లేనా, వర్షాకాలంలో ఆ గదిలో చెమ్మ వాసన వస్తుందా అన్నవి గమనిస్తే మీకు కావలసిన జవాబులో చాలా భాగం దొరుకుతుంది.

చివరగా మీ బామ్మగారి ఉత్తరాల గురించి. తప్పకుండా ఇవ్వండి, అవి పెట్టెలోని అన్నిటికన్నా అరుదైనవి కావచ్చు. ఆ తరంలో మగవారు రాసినవి ఏదో ఒక కార్యాలయంలోనో పత్రికలోనో మిగిలాయి, ఆడవారు రాసినవి ఇళ్లల్లో తప్ప ఎక్కడా మిగలలేదు. భర్త జైలులో ఉండగా పొలం కౌలు, పిల్లల జ్వరం, బియ్యం ధర, ఊరివాళ్ల మాటలు ఆమె రాసి ఉంటే, ఉద్యమం ఒక ఇంటి మీద మోపిన బరువు ఎంతో చెప్పే సాక్ష్యం అదే. ఇక్కడ ఒక జాగ్రత్త తీసుకోండి. సాధారణంగా ఇలాంటి ఉత్తరాలను భర్త సంచయంలో "కుటుంబ ఉత్తరాలు" అన్న శీర్షిక కింద కలిపేస్తారు, అప్పుడు ఆమె పేరుతో వెతికేవారికి అవి కనిపించవు. కట్టలు ఉన్నచోటనే ఉంచుతూ, జాబితాలో మాత్రం ఆమె పేరుతో ప్రత్యేక విభాగం పెట్టాలని, ఆమె పుట్టింటి పేరు, పుట్టిన ఊరు కూడా నమోదు చేయాలని దానపత్రంలోనే అడగండి. మీ ఇంట్లో ఆమెను ఎరిగిన పెద్దవారు, మేనత్తగారో మరొకరో, ఇంకా ఉంటే పెట్టెలు పంపేముందు వారి పక్కన కూర్చొని ఫొటోల్లో ఎవరెవరున్నారో, ఉత్తరాల్లో వచ్చే ముద్దుపేర్లు ఎవరివో అడిగి, విడి కాగితం మీద ఫొటో సంఖ్యతో సహా రాసి, ఆ కాగితాన్ని కూడా పెట్టెలో పెట్టి పంపండి.